జాగా ఉంది, జాగా లేదు

ముందు సీట్లో కూర్చోండి. వెనక సీటు నిండా వైర్లు, ఒక పాత హార్డ్‌డిస్కు, ఎవరో సగం తిని వదిలేసిన మొక్కజొన్న పొత్తు. ల్యాప్‌టాప్ మీ ఒళ్ళో పెట్టుకోండి. వైపర్లు రెండిట్లో ఒకటే పనిచేస్తోంది. అది నా వైపుది కాబట్టి మీకు దారి కనపడకపోయినా నష్టం లేదు.

సాయంత్రం ఐదున్నర. ఖమ్మం దాటాం. ముసురు పట్టి మూడు రోజులైంది. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ. ఆ తర్వాత అడవి, అడవి చివర సారపాక, గోదారి, భద్రాచలం. మామూలు రోజైతే రెండున్నర గంటలు. ఇవాళ మూడున్నర అనుకోండి.

ఎందుకు పోతున్నామో ఫోనులోనే వినండి, స్పీకర్ పెడుతున్నా.

"అన్నా, మళ్ళా అదే వచ్చింది."

"ఏం వచ్చిందో చదువు."

"మొత్తం ఇంగ్లీషే. చదవాల్నా?"

"చివరి రెండు లైన్లు చాలు."

"టార్, కెనాట్ రైట్, నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. దాని కింద, ప్రీ-రిసీవ్ హుక్ డిక్లైన్డ్."

జాగా లేదంటోంది. భద్రాచలంలో ఒక రిటైర్డ్ టీచరు గారి మేడ మీద రెండు గదుల్లో ఏడుగురు పిల్లలు కూర్చుని అడవి అంచు ఊళ్ళకి పటాలు గీస్తారు. పైనుంచి డ్రోన్ తీసిన బొమ్మల మీద పొలం గట్లు, వాగులు, బాటలు. కరోనా అప్పుడు ఊరికొచ్చిన వాళ్ళు మళ్ళీ హైదరాబాదు పోలేదు, అక్కడే పని పెట్టుకున్నారు. ఏడుగురూ గీసినవన్నీ ఒక్కచోట చేరాలి కదా, దానికొక గిట్ సర్వరు. ఎవరు, ఎప్పుడు, ఏ గీత మార్చారో తేదీతో సహా దాచిపెట్టే దఫ్తరు అది. పాతకాలం కరణం గారి కవిలె లాంటిదే, కాకపోతే ఇందులో కొట్టివేతలు కూడా భద్రంగా ఉంటాయి. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ కోసం రాసుకున్న పనిముట్టు, ఇరవై ఏళ్ళకి గోదారి ఒడ్డుకు కూడా వచ్చింది.

రేపు పొద్దున మొదటి బస్సుకి ఆర్టీసీ కార్గోలో హార్డ్‌డిస్కు హైదరాబాదు వెళ్ళాలి. అది తయారవ్వాలంటే అన్ని మండలాల పటాలూ మెయిన్ అనే ఒక్క కొమ్మలో కలిసి సర్వరులోకి ఎక్కాలి. అలా ఎక్కించడాన్నే పుష్ అంటారు. ఎక్కట్లేదు. మధ్యాహ్నం పిడుగుకి వాళ్ళ బ్రాడ్‌బ్యాండ్ పోయింది. ఇంట్లో ఇంట్లో కంప్యూటర్లు మాట్లాడుకుంటున్నాయి గానీ ఖమ్మంలో కూర్చుని నేను లోపలికి తొంగిచూసే దారి లేదు. అందుకని ఈ కారు.

"డీఎఫ్ కొట్టి చూశావా తల్లీ?"

"చూశానన్నా. పెద్ద డిస్కు అరవై ఒక్క శాతం నిండింది. ముప్పై తొమ్మిది ఖాళీయే ఉంది. జాగా ఉందంటంది, మళ్ళా జాగా లేదంటంది."

ఒక టెరాబైటు డిస్కులో దాదాపు నాలుగు వందల గిగాబైట్లు ఖాళీ. ఆ పిల్ల ఇంకో మాట కూడా అంది, కారు గుంటలో పడి ఎగిరినప్పుడు. ఒక్కో మండలం విడివిడిగా పంపితే పోతోందట, అన్నీ కలిపితేనే పోవట్లేదట. నేను ఊఁ అన్నాను. ఆ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఏన్కూరు దాటాక చెట్లు రోడ్డుకి దగ్గరగా జరుగుతాయి. దారి పొడుగునా ఆలోచించడానికి బోలెడు టైముంది కాబట్టి, ఈ 'జాగా లేదు' అన్న మాట ఎంత గడుసుదో చెప్తాను. లినక్స్‌లో ప్రతి తప్పుకీ ఒక నంబరుంటుంది. దీనిది 28. డిస్కు నిజంగా నిండితే 28 వస్తుంది. డిస్కు నిండకపోయినా వస్తుంది. ఎలాగంటే, మామూలుగా ఈఎక్స్‌టీ4 పద్ధతిలో డిస్కు సిద్ధం చేసినప్పుడు ఐదు శాతం స్థలం రూట్ అనే పెద్ద ఖాతా కోసం పక్కన పెట్టేస్తుంది. మామూలు మనిషికి నిండిపోయినట్టు కనపడుతుంది, రూట్‌కి మాత్రం ఇంకా చోటుంటుంది. వీఐపీ గది అన్నమాట. ఇంకో రకం, ఫైళ్ళు మారాయేమో అని కనిపెట్టి ఉండటానికి ప్రోగ్రాములు పెట్టుకునే కాపలాలు పరిమితికి మించి ఎక్కువైనా ఇదే 28. డిస్కుకీ దానికీ సంబంధమే లేదు. గట్టు తెగినా, గొడ్డు తప్పిపోయినా ఊళ్ళో ఒకటే డప్పు కొట్టినట్టు.

కొత్తగూడెంలో టీ తాగుదాం. రెండు నిమిషాలే. హోటలు టీవీలో గోదారి లెవెలు స్క్రోల్ అవుతోంది, 39 అడుగులు, పెరుగుతోంది. కౌంటర్ దగ్గరున్నాయన మన బండి బురద చూసి "భద్రాచలమా?" అన్నాడు. "ఇయ్యాల పొయ్యి ఇయ్యాలే వచ్చుడంటే కష్టం సారూ." ఈ ప్రాంతంలో వానాకాలం వస్తే చిన్నపిల్లలకి కూడా మూడు అంకెలు నోటికొస్తాయి. 43 మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ముసలాళ్ళకి ఇంకో రెండు కూడా వస్తాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. 2022 జులైలో 71.3.

పాల్వంచ. ఎడమ వైపు ఎప్పుడూ కనపడే ఆ థర్మల్ స్టేషన్ పాత కూలింగ్ టవర్లు ఎనిమిదీ ఇప్పుడు లేవు, 2024లో కూల్చేశారు. నలభై ఏళ్ళ అలవాటు మీద నా కన్ను ఇంకా అటే పోతుంది. జగన్నాధపురం దగ్గర పెద్దమ్మ తల్లి గుడి ముందు లారీలు ఆగి ఉన్నాయి. డ్రైవరు దిగి దణ్ణం పెట్టుకోనిదే ఈ అడవిలోకి లారీ పోదు. మనమూ ఆగుదాం, నాకు దణ్ణంతో పాటు సిగ్నలు కూడా కావాలి. ఇక్కణ్ణించి కొంత దూరం ఫోన్ బొమ్మలాగే ఉంటుంది.

"తల్లీ, డీఎఫ్ పక్కన హైఫన్ ఐ కొట్టు."

"కొట్టానన్నా. తొమ్మిది శాతం."

ఒక అనుమానితుడు తగ్గాడు. డీఎఫ్ ఐ చూపించేది స్థలం కాదు, ఐనోడ్లు. ప్రతి ఫైలుకీ ఒక ఖాతా నంబరు కావాలి, ఆ నంబర్లు కూడా డిస్కు తయారైనప్పుడే ఇన్ని అని లెక్కకట్టి ఇస్తారు. చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో పెరిగితే స్థలం మిగిలి ఉండగానే ఖాతా నంబర్లు అయిపోతాయి. పోడు ఊళ్ళలో తిరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. భూమి ఎదురుగా ఉంటుంది, దున్నుతూనే ఉంటారు, పాసుబుక్కే ఉండదు. మన సర్వరుకి ఆ బాధ లేదు. తొమ్మిదే.

అద్దం కొంచెం దించండి. టేకాకుల మీద వాన చప్పుడు వేరుగా ఉంటుంది, వెడల్పాటి ఆకులు కదా, ఎవరో చాటలతో చెరిగినట్టు. ఎదురుగా బస్సు వస్తే దాని లైట్లలో రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు మెరుస్తాయి. ఒకచోట ఆవులు రోడ్డు మధ్యలోనే పడుకున్నాయి. వాటికి తెలుసు, తారు మీద వెచ్చగా ఉంటుందని. హారను కొట్టినా లేవవు. మనమే పక్కనించి పోదాం.

వాసన వచ్చిందా? కుళ్ళిన గుడ్డు, ఉడికిన కాయితం కలిసినట్టు. సారపాక కాగితం మిల్లు. అంటే గోదారి వచ్చినట్టే.

వంతెన మీద స్లోగా పోనిస్తాను, చూడండి. చీకట్లో నీళ్ళు కనపడవు. చప్పుడు మాత్రం కింది నించి వస్తుంది, పెద్ద వస్త్రం ఆగకుండా చింపుతున్నట్టు. అవతలి ఒడ్డున గుడి దీపాలు. ఈ ఊరికి జాగా సంగతి కొత్త కాదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఊరొక్కటే తెలంగాణలో మిగిలింది. చుట్టూ ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల ఆంధ్రాకి పోయాయి. ఊరి చెత్త పోసుకునే స్థలం కూడా లేకుండా పోయిందని ఇక్కడివాళ్ళు అప్పట్నించీ మొత్తుకుంటూనే ఉన్నారు. కాపురం ఉండటానికి జాగా ఉంది, ఊడ్చింది వెయ్యడానికి జాగా లేదు.

తొమ్మిది దాటింది. సందులో మోకాళ్ళ దాకా నీళ్ళు. చెప్పులు చేతిలో పట్టుకోండి. మేడ మెట్లు నున్నగా ఉన్నాయి, గోడ పట్టుకుని ఎక్కండి.

గదిలో ఏడు ముఖాలూ ఒకేసారి మనవైపు తిరిగాయి. సర్వరు అంటే మీరు ఏం ఊహించుకున్నారో గానీ, అదిగో, బల్ల కింద ఇటుకల మీద పెట్టిన పాత డెస్క్‌టాప్ డబ్బా. ఎనిమిది గిగాబైట్ల ర్యామ్, ఒక టెరాబైటు డిస్కు, పక్కన ఇన్వర్టరు. ఇటుకలు ఎందుకంటే, మేడ మీదైనా వాన జల్లు కిటికీలోంచి కొట్టి నేల తడుస్తుంది.

"నువ్వు కూర్చో అన్నా, నేను కొడతా" అంది ఆ పిల్ల. ఫోన్లో గొంతు కన్నా మనిషి చిన్నది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ముందు దొంగ దొరికాడనుకుంటాం, చూడండి. డీఎఫ్ ప్రకారం స్లాష్ టెంప్‌లో, అంటే తాత్కాలిక ఫైళ్ళ గదిలో, ఏడు వందల మెగాబైట్లు వాడుకలో ఉన్నాయి. అదే గదిలో ఉన్న ఫైళ్ళన్నీ కూడితే నలభై కూడా లేవు. మిగతా 660 ఎక్కడ? ఇది పాత ఊరి పంచాయితీయే. కిరాయిదారు పేరు రిజిస్టరులో కొట్టేశారు గానీ మనిషి ఇల్లు ఖాళీ చేయలేదు. ఫైలుని తుడిచేసినా, ఏదో ఒక ప్రోగ్రాము దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే ఆ స్థలం వెనక్కి రాదు. పేరు మాత్రమే పోతుంది. ఎల్ఎస్ఓఎఫ్ అని కొట్టి, పేరు పోయినా పట్టు విడవని ఫైళ్ళని అడిగితే, దొరికాడు. రెండు రోజులుగా వేలాడుతున్న ఒక బొమ్మలు చూపించే ప్రోగ్రాము. చంపేశాం. 660 మెగాబైట్లు తిరిగొచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మళ్ళీ పుష్ చెయ్యి."

పన్నెండు నిమిషాలు. ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత తెర మీద అవే రెండు లైన్లు.

వెంటనే డీఎఫ్ కొట్టాం. స్లాష్ టెంప్ ఒక్క శాతం. పెద్ద డిస్కు అరవై ఒకటి. అన్నీ ఖాళీ. ఎవరింట్లో దొంగతనం జరిగిందో ఆ ఇంటికి పోతే, వాకిలి ఊడ్చి ముగ్గు కూడా పెట్టేసి ఉంది.

ఇక్కడ ఒక కుర్రాడు, సన్నటివాడు, మూలన కూర్చున్నవాడు, గొంతు సవరించుకుని అన్నాడు, "అన్నా, ఆ హుక్ తీసేస్తే పోద్దిగా? అదే కదా ఆపుతోంది."

హుక్ సంగతి చెప్పాలి. గిట్ సర్వరుకి ఏదైనా వచ్చినప్పుడు నేరుగా లోపల పెట్టుకోదు. 2016 చివర్లో వచ్చిన 2.11 వెర్షన్ నించీ, వచ్చిన సరుకుని ముందు వేరే అరలో ఆపుతుంది. చెక్‌పోస్టు దగ్గర లారీని పక్కకి తీయించినట్టు. కర్ర లేస్తేనే ఊళ్ళోకి, లేకపోతే వచ్చిన దారినే వెనక్కి. కర్ర దగ్గర కూర్చుని కాయితాలు చూసే మనిషే ఈ ప్రీ-రిసీవ్ హుక్. ఇక్కడ అది చేసే పని, వచ్చిన పటాల మూట విప్పి ఒక తాత్కాలిక గదిలో పరిచి, ప్రతి పటం కొలతలూ సరిగ్గా ఉన్నాయా అని చూడటం. ఒక సారి కొలతలు తేడా ఉన్న పటం లోపలికి పోయి, ఒక ఊరి చెరువు పక్క ఊరి స్కూలు మీద తేలింది. అప్పట్నించీ ఈ కాపలా. కాబట్టి దాన్ని తీసేది లేదు.

ఇంకో కుర్రాడు పెద్ద డిస్కులో తవ్వుతున్నాడు. "అన్నా, ఇక్కడ టెంప్ ప్యాక్ అని బోలెడు పడి ఉన్నయ్. లేపేద్దామా?" మొన్న పుష్ మధ్యలో కరెంటు పోయినప్పుడు మిగిలిపోయిన సగం సగం మూటలవి. వాడి వేలు ఆల్రెడీ కీబోర్డు మీదుంది. చెయ్యి పట్టుకుని ఆపండి, మీరు దగ్గరగా ఉన్నారు.

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, అలిసిపోయి, ఒక సర్వరులో ఫోల్డరు తుడవబోయి దాని జంట సర్వరులో తుడిచాడు. అది అసలుది. తప్పు తెలిసి ఆపేలోగా దాదాపు 300 గిగాబైట్ల డేటాబేసులో నాలుగున్నర మిగిలింది. చివరికి ఆరు గంటల పని పోయింది. వాళ్ళని మెచ్చుకోవాల్సింది ఏంటంటే, దాచలేదు. తిరిగి బాగుచేసుకోవడం యూట్యూబులో లైవ్ పెట్టారు. రాత్రిపూట, జాగా లేదని కంగారులో ఉన్నప్పుడు తుడిచే కమాండు కొట్టకూడదని నేను అక్కడే నేర్చుకున్నాను. ఆ సగం మూటలకి రేపు ముహూర్తం పెడదాం, నడుస్తున్న పుష్ ఏదీ లేదని చూసుకుని. అసలు మన తప్పు వాటిది కాదు కూడా, అవి ఉన్నది పెద్ద డిస్కులో. అక్కడ నాలుగు వందల గిగాబైట్లు ఖాళీ.

టీచరు గారు టీ పట్టుకొచ్చారు, స్టీలు గ్లాసుల్లో. వసారాలోకి రండి, కాసేపు గాలి పీల్చుకుందాం. కింద సందులో నీళ్ళు ఇందాకటికన్నా ఇంకో జానెడు పెరిగాయి. ఎదురింటి వాళ్ళు మంచం మీద మంచం ఎక్కిస్తున్నారు. "ఎన్ని అడుగులుంది సార్?" అన్నాను. "నలభై ఒకటి, ఇప్పుడే చెప్పిండ్రు" అన్నారాయన.

"మొదటి హెచ్చరికే రాలేదు కదా. మరి సందులో ఇన్ని నీళ్ళేంది?"

ఆయన నవ్వారు. ఎంతమంది బయటి వాళ్ళకి ఇది చెప్పి ఉంటారో.

"గోదారి రాలా బాబూ. కరకట్ట మీదుగా చుక్క రాలా. నది పెరిగితే స్లూయిస్ తలుపులు మూస్తరు, లేకపోతే అదే లోపలికి ఎదురు తంతది. తలుపు మూసినంక ఊళ్ళో కురిసిన వాన ఎటు పోవాల? ఇయన్నీ మన నీళ్ళే. మోటార్లు పెట్టి తోడుతుండ్రు. వాన తగ్గితే అవే పోతయ్, పొద్దున నువ్వొచ్చి చూస్తే నేల తడిగ ఉంటది, అంతే."

పొద్దున వచ్చి చూస్తే తడి తప్ప ఏమీ ఉండదు.

టీ అక్కడే పెట్టేసి రండి. సగం తాగారా, పర్లేదు.

"తల్లీ, రెండో కిటికీ తెరువు. ఇందులో నువ్వు పుష్ చెయ్యి. అందులో స్లాష్ టెంప్‌ని సెకనుకోసారి చూపించమని చెప్తా. వాచ్ అని ఒక కమాండు ఉందిలే." ఇంతవరకూ మనం ప్రతిసారీ అయిపోయాకే చూశాం. జరుగుతున్నప్పుడు చూడలేదు.

అందరూ వెనక చేరారు. మీరు నా కుడి పక్కన నిలబడండి, అక్కణ్ణించి బాగా కనపడుతుంది. మొదటి ఎనిమిది నిమిషాలు ఒక్క శాతం దగ్గరే ఉంది. సరుకు ఇంకా చెక్‌పోస్టు అరలోకి వస్తోంది. ఆ తర్వాత హుక్ లేచింది. 1. 6. 14. మూట విప్పుతోంది. 23. 37. ఎవరో "అమ్మో" అన్నారు. 52. 68. సన్న కుర్రాడు కుర్చీలోంచి లేచాడు. 81. 90. 97.

100.

ఒక్క క్షణం, ఒకటంటే ఒకటే సెకను, అంకె అక్కడ నిలబడింది. పక్క కిటికీలో ఆ రెండు లైన్లు పడ్డాయి. మళ్ళీ ఇటు చూస్తే, 1.

"తుడిచేసిందన్నా! ఎవరు తుడిచిండ్రు?" అంది ఆ పిల్ల.

హుక్ తెరిచి చూశాం. పదో లైనులో ఉంది. పని పూర్తయినా, మధ్యలో చచ్చినా, పోయేముందు తాత్కాలిక గది శుభ్రంగా తుడిచి పోవాలి అని. చాలా శ్రద్ధగా రాసిన లైను. పైన కామెంటు కూడా ఉంది, చెత్త మిగల్చకూడదని. రెండేళ్ళ కింద ఆ హుక్ రాసింది నేనే. నూట ఇరవై కిలోమీటర్లు వచ్చి నా చీపురు నేను పట్టుకున్నాను. ఆ పిల్ల నవ్వాపుకోడానికి కిటికీ వైపు తిరిగింది.

సరే, గది నిండుతోంది. కానీ ఈ గది నిండటమేంటి? స్లాష్ టెంప్ మొదట్నించీ పెద్ద డిస్కులోనే ఒక మూల కదా, దానికి నాలుగు వందల గిగాబైట్ల పెరడు ఉంది కదా. ఫైండ్‌మౌంట్ అని అడిగితే ఒక్క మాటలో చెప్పింది: టెంప్‌ఎఫ్ఎస్. సైజు 3.9 గిగాబైట్లు.

డిస్కు కాదు. ర్యామ్. ఎనిమిదిలో సగం.

"ఈ డబ్బా ఎప్పుడు రీస్టార్ట్ అయింది?" రెండు రోజులైంది, మొన్న కరెంటు పోయి ఇన్వర్టరు కూడా చేతులెత్తేసినప్పుడు. "అంతకుముందు ఏమైనా మార్చారా దీన్లో?"

సన్న కుర్రాడు గోడకి అంటుకుపోయాడు. "నేనే అన్నా. పన్నెండు రోజుల కింద డెబియన్ 12 నించి 13కి ఎక్కించా. అంతా బాగానే అయింది. రీస్టార్ట్ మాత్రం తర్వాత చేద్దాంలే అనుకున్నా, అందరూ పనిలో ఉన్నరని."

ఇదీ సంగతి. ఈ డబ్బాని నడిపే లినక్స్ పేరు డెబియన్. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో స్లాష్ టెంప్‌ని మామూలుగానే జ్ఞాపకశక్తిలో పెట్టేస్తారు, ర్యామ్‌లో సగం దాకా. పాతదాని మీద ఎక్కించుకున్న వాళ్ళకీ ఇంతే. విడుదల కాయితాల్లో స్పష్టంగా రాశారు కూడా. చదవాల్సింది వీడొక్కడే కాదు, నేనూ చదవాలి. చాలామందికి ఇది మంచిదే, ర్యామ్ డిస్కుకన్నా చాలా వేగం, రీస్టార్టుతో అన్నీ పోతాయి. మనకి మాత్రం నాలుగు వందల గిగాబైట్ల పెరడు పోయి నాలుగు గిగాబైట్ల గూడు మిగిలింది. అదీ ఎక్కించిన రోజు కాదు, పది రోజుల తర్వాత కరెంటు పోయిన పూట. తప్పు ఒక రోజు, నొప్పి ఇంకో రోజు. వీడెలా కనిపెడతాడు?

"నీ తప్పేం లేదురా తమ్ముడూ. కూర్చో."

ఇందాక జూలూరుపాడు ముందు గుంటలో ఎగిరినప్పుడు ఆ పిల్ల చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చిందా? మండలం మండలంగా పంపితే పోతోంది, కలిపితేనే పోవట్లేదు. ఒక్కో మండలం పటాలు విప్పితే ఒకటి, ఒకటిన్నర గిగాబైట్లు. గూట్లో పడతాయి. అన్నీ కలిపి మెయిన్ విప్పితే 4.6. జవాబు సాయంత్రమే నా చెవిలో పడింది.

ఇప్పుడు మందు. మూడు దార్లున్నాయి. ఒకటి, ఆ కొత్త ఏర్పాటుని మాస్క్ చేసి రీస్టార్ట్ చేస్తే స్లాష్ టెంప్ మళ్ళీ డిస్కు మీదికి పోతుంది. కానీ ఈ వానలో, ఈ ఇన్వర్టరుతో, లేచి కూర్చున్న సర్వరుని పడుకోబెట్టి మళ్ళీ లేపే ధైర్యం నాకు లేదు. రెండోది, నడుస్తుండగానే గూడు పెద్దది చేయొచ్చు, ఆరు గిగాబైట్లు అని చెప్తే ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుంది, అదే ప్రమాదం. ఎనిమిదిలో ఆరు బొమ్మలకి పోతే మిగతా ప్రోగ్రాములు దేని మీద బతుకుతాయి? ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్ ఒక్క గిగాబైటే. ఊపిరాడనప్పుడు లినక్స్ తనకి తోచినవాణ్ణి చంపుతుంది, అది గిట్టే కావొచ్చు.

మూడోది మనం చేసేది. హుక్ మొదట్లో ఒక్క లైను. నీ తాత్కాలిక గది అక్కడ కాదు, పెద్ద డిస్కులో ఈ ఫోల్డరు, అని. టీఎంపీడీఐఆర్ అనే ఒక పేరుకి ఆ దారి రాసి పెడితే, గది అడిగే కమాండు దాన్నే చూస్తుంది. ఫోల్డరు కట్టాం, అనుమతులిచ్చాం, లైను రాశాం. మొత్తం ఇరవై చిల్లర అక్షరాలు. దీనికోసం నూట ఇరవై కిలోమీటర్లు. పెట్రోలు లెక్క అడక్కండి.

"కొట్టు."

ఒక నిమిషం కాలేదు, లైట్లు పోయాయి. ఫ్యాన్ ఆగింది. చీకట్లో ఇన్వర్టరు కీచుమంది, తెరలు వెలుగుతూనే ఉన్నాయి. ఎవరూ కదలొద్దు, వైరు కాలికి తగుల్తుంది. మీ ఫోన్ లైటు బల్ల కిందికి పట్టండి. డబ్బా పచ్చ లైటు మినుకుమంటోంది, బాగానే ఉంది. ఇన్వర్టరు ఇంకెంతసేపు లాగుతుందని అడిగితే, "మొన్న అయితే ఇరవై ఐదు నిమిషాలన్నా" అన్నాడు సన్న కుర్రాడు. పుష్‌కి పన్నెండు, తనిఖీకి ఐదారు. సరిపోవాలి.

తెర మీద మళ్ళీ రెండు కిటికీలు. స్లాష్ టెంప్ ఒక్క శాతం దగ్గరే కూర్చుంది. పక్కన పెద్ద డిస్కు 61. హుక్ లేచాక కూడా 61. మూట అంతా విప్పి పరిచినా దానికి చీమ కుట్టినట్టు లేదు. బయట వాన హోరు. టీచరు గారు కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు, లోపలికి రాకుండా, పూజ గది ముందు నిలబడినట్టు.

పద్దెనిమిదో నిమిషంలో కిటికీలో ఒక కొత్త లైను పడింది. మెయిన్ నించి మెయిన్‌కి, బాణం గుర్తు. అంతే. గిట్ పని జరిగినప్పుడు పెద్దగా ఏమీ అనదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇందాక ఒకసారి కొట్టి భంగపడ్డారు కదా. ఆ పిల్ల లాగ్ తెరిచి, తను పంపిన మార్పు అక్కడుందని రెండుసార్లు చూసుకుని, అప్పుడు కుర్చీలో వెనక్కి వాలింది. "హార్డ్‌డిస్కు కాపీకి ఇంకో గంట పడతది. నాలుగింటికి బస్టాండు కాడికి ఎట్ల పోవాలె, సందులో నీళ్ళు నడుందాక వస్తయేమో."

"నా భుజం మీద పెట్టుకుని పోతాలే" అన్నాడు సన్న కుర్రాడు. కవరు మీద కవరు, దాని మీద ఇంకో కవరు చుట్టటం అప్పుడే మొదలుపెట్టాడు, లోపల పెట్టాల్సింది ఇంకా తయారవకుండానే.

బొమ్మల్ని గిట్‌లో పెట్టొద్దు, పెద్ద ఫైళ్ళకి వేరే ఏర్పాటు ఉంది అని నేను నెత్తీ నోరూ కొట్టుకుని రెండేళ్ళయింది. ఇవాళ మళ్ళీ మొదలుపెడదామనుకుని వాళ్ళ ముఖాలు చూసి ఊరుకున్నాను. మీరూ ఏమీ అనకండి.

కరెంటు వచ్చింది. పదకొండున్నర. మనం ఈ రాత్రి వెనక్కి పోయేది లేదు, టీచరు గారు వసారాలో చాపలు వేయిస్తున్నారు. కరకట్ట వైపు నించి మోటార్ల చప్పుడు వినపడుతోంది, ఒకటే మోత. కింద సందులో నీళ్ళ మీద ఎవరిదో ప్లాస్టిక్ బిందె తేలుకుంటూ పోయి, ఎదురింటి అరుగుకి తగిలి ఆగింది.

"ఎన్నడుగులంట సార్?"

"నలభై రెండున్నర" అన్నారాయన, ఫోను చెవి దగ్గర్నించి తియ్యకుండానే.